తరుగు

నేను కాంట పట్టినోన్ని.
డిండి తొవ్వల మా ఊరు, చౌకధరల దుకాణం,
ముప్పై రెండేండ్లు.
సర్కారు చరిత్ర నాకు తెల్వదు,
దాని బరువు తెలుసు.
సంచి మీద యాభై కిలోలని అచ్చుంటది,
దారం ఇప్పితే నలభై ఎనిమిదిన్నర.
మిగిలింది ఏడ పోయిందంటే
గోదాము హమాలీ నవ్వుతడు,
"తరుగు" అంటడు.
చిన్న మాట. ఎలుక తోకంత.

ఈ మాట మా నాయినమ్మ ఈరమ్మకు గూడ ఎరికే.
నైజాం లేవీల కుంచం నెత్తిన గోపురం లేపి
కొలిచేటోళ్లట పట్వారి మనుషులు.
రాలిన గింజలు కొంగుతోని ఊడ్చబోతే
"అవ్వి గూడ లెక్కలయే" అన్నరట.
ఇంటికొచ్చి ఖాళీ గుమ్మిల తలకాయ పెట్టి
తన పేరు తనే పిలుసుకున్నదట,
ఎంత లోతున్నదో చూద్దామని.

మా నాయిన నందికొండకు పోయిండు, రాయి మొయ్య.
కట్ట లేసింది, నీళ్లు ఆగినయి,
కాలువ మా దిక్కు మర్లలె.
డెబ్బై రెండు కరువుల రోడ్డు పని,
కూలికి ఎర్రజొన్నలు, ఏ దేశానియో,
ఎంత ఉడికినా పంటి కింద పలుకు.
ఓడజొన్నలని పేరు పెట్టింది మా అమ్మ,
ఓడను ఎన్నడు చూడకున్నా.

రెండు రూపాల బియ్యం వచ్చిన ఏడు
నాకు పందొమ్మిది. అప్పుడే కొలువుకెక్కిన.
లైను పీర్ల చావిడి దాటింది.
అప్పటిదాంక మా ఇండ్లల్ల అన్నమంటే
పండుగకు, లేకుంటే జొరానికి.
ఆ నెల ఒక మంగళారం,
ఏ కారణం లేకుంట, అమ్మ అన్నం వండింది.
వాకిట్ల నిలబడి పక్కింటోళ్లకు చెప్పింది,
"మా ఇంట్ల ఎవ్వలకు జొరం లేదు" అని.

గిది సర్కారు చేసిన పనే. కాదనను.
నేను చేసింది గూడ చెప్త.
సంచిల పోయిన కిలోన్నర ఏడికెల్లి తేవాలె?
డీలరు విఠలయ్య నా జీతంల కోస్తనన్నడు.
గందుకని కార్డుకు రెండొందల గ్రాములు.
ముల్లు నిలబడక ముందే పల్లెం ఎత్తుడు,
పల్లెం అంచుకు ఎడమచెయ్యి చిటికెనవేలు.
నేర్చుకుంటే వచ్చే విద్య.

తండా నుంచి ధావ్లి నడిచొచ్చేది, నాలుగు మైళ్లు.
ఒకనాడు నా వేలు చూసింది.
ఏమనలె. మూట కట్టుకున్నంక
గాజు సవరించినట్టు నా వేలు పట్టి
పక్కకు జరిపింది.
"నొస్తది బిడ్డా" అన్నది.

పై నెల మళ్ల అట్లనే కోసిన.

పింఛను ముప్పై ఉండె, డెబ్బై ఐదాయె,
రెండొందలాయె, వెయ్యాయె, రెండువేల పదహారాయె.
ఆ ఎనుక పదహారు, పెండ్లిల చదివింపుల లెక్క.
ధావ్లికి డెబ్బై ఐదు కాడ్నే ఆగింది.
మిగతా అంకెలు ఆమెకు తెల్వయి.
ఉపాధి పనిల గుంతలు కొలుస్తరు,
పొడుగు సక్కగనే వస్తది, ఎడల్పు సక్కగనే,
లోతు కాడ టేపు జెర వంగుతది.

ఇప్పుడు బోర్ల కింద మేమే వడ్లు పండిస్తున్నం.
కొనుగోలు కేంద్రంల నలభై కిలోల బస్తాకు
రెండు కిలోలు తరుగు.
లారీల మిర్యాలగూడ మిల్లుకు పోతయి,
బియ్యమై గోదాముకు, గోదాము నుంచి దుకాణానికి.
ఊరి గింజే, ఊరంత తిరిగి,
మేనమామ ఇంటికొచ్చిన సుట్టం తీరు
సన్నబడి వస్తది.
మొన్నటిదాంక దొడ్డుబియ్యం ఇచ్చినన్నాళ్లు
బండి మీద ఒక పిలగాడొచ్చి
కిలో పది రూపాలకు కొనేటోడు, కోళ్లకని.
అమ్మినం. నేను గూడ అమ్మిన.
ఓడజొన్నలు తిన్న నోటితోనే బేరమాడిన.

నిన్న నేనే లైన్ల నిలబడ్డ.
మిషన్ల బొటనవేలు పెడితే పడలె.
ముప్పై రెండేండ్ల గోనె గరుకు
గీతలన్ని తినేసింది.
నాలుగోసారి, ఇంకో వేలు పెట్టిన. చిటికెనవేలు.
అది పడ్డది.

కొత్త కాంటకు ముల్లు లేదు, ఎర్రంకెలే.
అంకెలు ఇంక ఉరుకుతనే ఉన్నయి,
పిలగాడు సంచి ఎత్తిండు.
నా దిక్కు చూసిండు, తెలిసినోని తీరు.
నేను వాని చెయ్యి చూసిన.
ధావ్లి మాట నాలుక మీదికొచ్చింది,
ఇంత దూరం వచ్చి
ఆడ్నే ఆగింది.